షట్టర్ అవతలి గొంతు

పోయిన వారం ఊర్మిళను కోరుట్లలో, ఒక ఫంక్షన్ హాలు ముందు ఆగిన కారులో వదిలి వచ్చాం. పదకొండు రోజుల కింద సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికులు తీసిన ర్యాలీ రాళ్లతో మొదలై లాఠీలతో ముగిసింది. ఆ గందరగోళంలో బజారులో తొమ్మిది దుకాణాలు లూటీ అయ్యాయి. వాటిలో ఊర్మిళ చీరల దుకాణం ఒకటి. ఆ దుకాణం మెట్ల మీదే దెబ్బలు తిని పడిపోయిన దినేశ్ అనే ఇరవై నాలుగేళ్ల కార్మికుడికి ఇప్పటికీ స్పృహ రాలేదు. కరీంనగర్ ఆసుపత్రిలో అతని మంచం పక్కన ఒక పోలీసు కాపలా కూర్చుంటున్నాడు. ఎందుకంటే ఆ దుకాణం లూటీ కేసులో మొదటి నిందితుడు దినేశే. ఫిర్యాదు మీద సంతకం ఊర్మిళది. గలాటా మొదలుకాగానే వెనక తలుపు నుంచి బయటపడి పోయానని అందులో రాసి ఉంది. అది అబద్ధమని తెలిసి, నోరు విప్పగల స్థితిలో ఉన్నవాళ్లు నలుగురే నలుగురు. ఊర్మిళ, దుకాణంలో పనిచేసే ఇద్దరు ఆడపిల్లలు, ఇప్పుడు స్టీరింగు ముందు కూర్చున్న ఆమె భర్త జలపతి రావు.

అతను ఇంజన్ ఆపలేదు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఆమె ఒడిలో పెట్టాడు.

“నాలుగు ముక్కలే ఉన్నయి. నష్టం జరిగింది, మనసుకు బాధైంది, చట్టం దాని పని అది చేస్తది, అందరం కలిసి ఉండాలె. చదివి దిగిరా. ఎవరన్న ఏమన్న అడిగితే, కేసు కోర్టుల ఉన్నది, నేను మాట్లాడరాదు అను.”

“నేనెందుకు? మీరే చదవరాదుండ్రి.”

“దుకాణం నీ పేరు మీద ఉన్నది. నువ్వు రాకుంటే దొరసాని ముఖం చాటేసింది అంటరు. అనుమానం ఆడ్నే మొదలైతది.” అతను గొంతు తగ్గించాడు. “ఊర్మిళా, కోపంతోని చెప్తలేను. పోలీసోళ్లతోని పెట్టుకొని ఈ ఊళ్లల్ల ఎవడన్న నిలబడ్డడా? ఆ పిలగాని దవాఖాన ఖర్చు నేను చూసుకుంట. ఇంకేం చెయ్యమంటవు?”

జలపతి రావు చెడ్డవాడని సొంతూరు జగిత్యాలలో ఎవరూ అనరు. కరోనా రోజుల్లో రాయికల్ వైపు పల్లెలకు లారీల మీద బియ్యం పంపినవాడు. పెళ్లికి పిలిస్తే తప్పకుండా పోతాడు, చావుకైతే పిలవకుండానే పోతాడు. తాతల కాలం నాటి భూములు సగం పోయినా, ఆఫీసుల్లో లేచి నిలబడి పలకరించే మర్యాద ఇంకా మిగిలింది. ఆ మర్యాద మీదే అతని కాంట్రాక్టు పనులు నడుస్తున్నాయి. అది పోతే తనకేం మిగులుతుందో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. ఈ పదకొండు రోజుల్లోనే మొదటిసారి ఆలోచించినట్టున్నాడు, కళ్ల కింద నలుపు తేలింది.

ఊర్మిళ కాగితం తీసుకొని కారు దిగింది.

సిరిసిల్లలో నలుగురు గుమిగూడరాదని ఆంక్షలు ఉన్నాయి. అందుకని, ఆ రోజు ఏం జరిగిందో రెండు వైపులవాళ్లూ ఎదురెదురుగా చెప్పుకోవడానికి పెట్టిన ఈ సభకు అక్కడ జాగా దొరకలేదు. జగిత్యాలలో హాళ్లవాళ్లు ఒకరి తర్వాత ఒకరు బుకింగు ఉందన్నారు. ఆఖరికి కోరుట్లలో బీడీ ఆకుల వ్యాపారి ఒకాయన తన ఫంక్షన్ హాలు ఇచ్చాడు. మొన్ననే పెళ్లయినట్టుంది. వేదిక వెనక థర్మోకోల్ అక్షరాల్లో పెళ్లికూతురు పేరు సగం ఊడి వేలాడుతోంది. ఎడమవైపు కుర్చీల్లో సిరిసిల్ల వర్తకులు, కుడివైపు కార్మికుల కుటుంబాలు. మధ్యలో నడిచే దారి ఒక సరిహద్దులాగ ఖాళీగా ఉంది. ముందు వరుసలో యూట్యూబ్ చానళ్ల వాళ్లు కర్రలకు ఫోన్లు బిగించుకొని నిలబడ్డారు. వెనక గోడకు ఆనుకొని, పొట్టి క్రాపులతో, మామూలు బట్టల్లో ఏడెనిమిది మంది. వాళ్లెవరో అందరికీ తెలుసు.

సభ నడుపుతున్నది రామస్వామి సారు. ఎల్లంతకుంటలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయినాయన. రెండు వైపులా కూర్చున్నవాళ్లలో ఆయన చేత చెవి మెలి పెట్టించుకోనివాళ్లు తక్కువ.

“మనిషికి ఐదు నిమిషాలు. చప్పట్లు వద్దు, తిట్లు వద్దు. చూసింది చెప్పుండ్రి, విన్నది చెప్తే విన్నమని చెప్పుండ్రి” అని ఆయన మైకు పక్కకు జరిగాడు.

మొదట చెప్పుల దుకాణం పరశురాములు లేచాడు. మాట్లాడక ముందే ఆయన మెడ నరాలు తేలాయి.

“నా దుకాణం పెట్టి ఇరవై రెండేండ్లు. ఏ దొంగ అచ్చినా ఇంత బాధ గాకపోవు. నా దగ్గర పిల్లలకు బడి బూట్లు కొన్న ఆమె, ఏటా జూన్‌ల అన్నా అన్నా అనుకుంట అచ్చే ఆమె, గా రోజు నా కండ్ల ముంగట ఆరు డబ్బలు సంకల వెట్టుకొని పోయింది. నన్ను సూసింది. సూసి నవ్వింది. ఉద్యమమంటే గిదేనా? సాంచెలు బందైనయంటే మేమూ మీ ఎంట నడిచినం గదా, దుకాణాలు మూసి మరీ నడిచినం గదా! పోలీసోళ్లు రాకుంటే నన్ను తగలవెడ్తుండిరి. లాఠీ తప్పు అంటున్నరు, మరి రాయి ఒప్పా?”

చప్పట్లు వద్దన్నా ఎడమవైపు చప్పట్లు పడ్డాయి. ఒక జవానుకు రాయి తగిలి దవడ విరిగిందని, వాడికీ తల్లి ఉందని ఎవరో అరిచారు. కుడివైపు నుంచి తిరిగి కేకలు. రామస్వామి సారు బల్ల మీద అరచేత్తో కొట్టి, కొట్టి, చివరికి ఆగయ్యను పిలిచాడు.

ఆగయ్య కార్మిక సంఘం పెద్ద. నలభై ఏళ్లు సాంచెల చప్పుడు మధ్య బతికినవాడు కాబట్టి మామూలు మాట కూడా గట్టిగానే మాట్లాడతాడు.

“రాళ్లేసినోళ్లు మావోళ్లు గాదని నేను చెప్ప. కొందరు మావోళ్లే. డబ్బలు ఎత్కపోయినోళ్లల్ల మావోళ్లున్నరు, ఎవ్వలకు సంబంధం లేనోళ్లున్నరు. పరశురాములన్నా, నువ్వు పేరు చెప్పు, గామె ఇంటికి నేనే నిన్ను తోల్కపోత, డబ్బలు తెప్పిస్త. కని ఒక్కటి చెప్పు. నీ దుకాణం మీద పడ్డప్పుడు పోలీసోళ్లు యాడున్నరు? చౌరస్తా కాడ నిలవడి సూసిన్రు. లూటీ అంత అయినంక, జనం చెదిరినంక, అప్పుడు ఉర్కచ్చిన్రు. అప్పుడు దొరికినోడు ఎవడు? డబ్బ పట్టుకొని ఉరికినోడు దొర్కడు. ఉరకనోడే దొర్కుతడు.”

పోలీసులు చౌరస్తాలో నిలబడి చూశారన్న మాట పరశురాములుకూ మింగుడుపడని విషయమే.

తర్వాత దినేశ్ చెల్లెలు వందన వేదిక ఎక్కింది. డిగ్రీ చివరి ఏడు చదువుతున్న పిల్ల. మైకు తన ఎత్తుకు దించుకోవడం కూడా తోచలేదు, మునివేళ్ల మీద నిలబడి మాట్లాడింది.

“మా అన్నది కుడిచెయ్యి నాలుగు వేళ్లు, ఎడమచెయ్యి మూడు వేళ్లు ఇరిగినయి. తలకాయకు చేతులు అడ్డం వెట్టుకుంటే గట్లయితదట, డాక్టర్ సారు చెప్పిండు. నేనొక్కటే అడుగుత. దొంగతనం చేసిండంటున్నరు గదా. ఆ చేతులల్ల ఏం దొరికింది? ఒక్క చీరె దొరికిందా? షట్టర్ మీద చెయ్యి వెట్టి ఉండె, అందుకే కొట్టినమన్నరు. షట్టర్ లేపుతుండెనా, దించుతుండెనా, ఎవలకు ఎర్క? లోపట ఎవరూ లేరంటున్నరు. వెనక తలుపు నుంచి పోయినమని రాసిచ్చిన్రు. లోపట ఎవరన్న ఉండి ఉంటే మా అన్న గిట్ల పండకపోవు.”

ఆమె ఊర్మిళ వైపు చూడలేదు. చూసి ఉంటే ఊర్మిళకు కొంత నయంగా ఉండేది. వేదిక దిగి తల్లి వజ్రమ్మ పక్కన కూర్చుంది. వజ్రమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఉంది.

“ఊర్మిళ గారు” అని పిలిచాడు రామస్వామి సారు.

నడిచే దారిలో ఆమె చెప్పుల చప్పుడు ఆమెకే వినబడింది. భర్త మొదటి వరుస చివర కూర్చొని, ఏం కాదన్నట్టు తల ఊపాడు. ఆమె కాగితం విప్పింది. ‘గౌరవనీయులైన పెద్దలకు’ అని మొదటి వాక్యం. ‘జరిగిన సంఘటన దురదృష్టకరం’ అని రెండోది. అంతవరకు చదివింది. మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది.

కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

“నేను వెనక తలుపు నుంచి పోలే” అంది. “నేను లోపలనే ఉన్న.”

జలపతి రావు సగం లేచాడు. ఫోన్లు తన వైపు కూడా తిరుగుతాయని తోచి మళ్లీ కూర్చున్నాడు.

“పన్నెండు గంటలప్పుడు మొదటి గుంపు వచ్చింది. ముందటి ర్యాకుల చీరెలు, బొమ్మలకు కట్టినవి గూడ గుంజుకొని పోయిన్రు. నన్ను ఎవరూ ఏమనలే. నేను, ఇద్దరు పిల్లలు గల్లా బల్ల కింద కూసున్నం. వాళ్లు పోయినంక షట్టర్ దించుదామని చూసినం. రాయి తగిలి పక్క పట్టీ వంగింది, సగం దిగి ఆగింది. లోపల నుంచి ముగ్గురం గుంజినా వస్తలేదు. రెండో గుంపు వస్తున్నది. అప్పుడు దినేశ్ ఉరికొచ్చిండు.”

ఆమె ఆగి మంచినీళ్ల కోసం చూసింది. ఎవరూ ఇవ్వలేదు.

“మా దుకాణానికి చీరెలు తెచ్చి వేసే పిలగాడే. బయట నుంచి షట్టర్‌కు వేలాడి కిందికి గుంజిండు. మేడం, లోపలి గొళ్లెం వేసుకోండ్రి, నేనీడ్నే ఉంట అన్నడు. గొళ్లెం వేసుకున్న. అటెన్క వాళ్లతోని కొట్లాడుడు వినబడ్డది. మనం నేసిన చీరెలే ఉన్నయిరా లోపల, మన చెమటనే దొంగతనం చేస్తరార అని తిట్టిండు. వాళ్లు పోయిన్రు. మా దుకాణం మిగిలిందంటే ఆ పిలగాని వల్లనే మిగిలింది.”

వందన లేచి నిలబడింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకొని లాగినా కూర్చోలేదు.

“నేను మా ఇంటాయనకు ఫోన్ చేసిన. ఏం వినబడ్డా తలుపు తియ్యకు, నేను చూసుకుంట అన్నడు. కొంచెం సేపటికి బూట్ల చప్పుడొచ్చింది. దినేశ్ అన్నడు, సార్, నేను దొంగను గాదు సార్, లోపల మేడం ఉన్నది, అడుగుండ్రి. ఆ తర్వాత దెబ్బలు. షట్టర్‌కు తగిలితే లోపల మొత్తం దద్దరిల్లింది. మేడం చెప్పుండ్రి, మేడం చెప్పుండ్రి అని మూడుసార్లు పిలిచిండు. మూడోసారి నా పేరు గూడ పిలిచిండు, ఊర్మిళమ్మా అని. మా దుకాణంల పనిచేసే పిల్ల, దినేశన్నా అని కేక వెయ్యబోయింది. నేను దాని నోరు మూసిన.”

ఆమె కుడిచెయ్యి పైకెత్తింది. ఏ చేత్తో మూసిందో చూపించాలనిపించిందేమో. తర్వాత ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మైకు కడ్డీని పట్టుకుంది.

“భయమైంది. తలుపు తీస్తే నన్ను గూడ కొడ్తరనుకున్న. అంతే. ఇంక దానికి కారణం లేదు. తెల్లారి ఫిర్యాదు కాగితం రాసి పట్టుకొచ్చిన్రు. చదివిన. చదివే సంతకం పెట్టిన. చదవలే అని చెప్పమన్నోళ్లున్నరు. కని నేను చదివిన.”

మొదట కదిలింది వజ్రమ్మ. కొంగు నోట్లోంచి తీసి, మధ్య దారిలోకి వచ్చి, వేదిక కింద నిలబడింది. ఆమె ముఖంలో కోపం కోసం వెతికింది ఊర్మిళ. కోపం ఉంటే తిట్టించుకొని కొంత తేలిక పడవచ్చు. కనబడలేదు.

“గొళ్లెం తీసుటానికి ఎంత సేపు పడ్తది, దొర్సాని?”

ఊర్మిళ పెదవులు తడుపుకుంది. “ఎంతో సేపు పట్టది.”

“సరే” అంది వజ్రమ్మ. “నా కొడుకు లేస్తే అడుగుతడు. చెప్పాలె గదా.” తిరిగి పోయి తన కుర్చీలో కూర్చుంది.

ఆ తర్వాత హాలు హాలంతా ఒక్కసారి లేచింది. సంతకం వాపస్ తీసుకోవాలని కుడివైపు కేకలు. పదకొండు రోజులు ఎటుపోయిన్రని కొందరు, కేసు ఎత్తేయాలని కొందరు. ఎడమవైపు వర్తకులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఊర్మిళ మాట నిలిస్తే తాము ఇచ్చిన ఫిర్యాదులన్నీ అబద్ధాల లెక్కలోకి పోతాయని వాళ్ల భయం. వాళ్ల తరఫున పరశురాములే మళ్లీ లేచాడు. ఈసారి ఆయన గొంతులో అరుపు లేదు.

“అమ్మా, మీరు చెప్పింది నేను కాదంటలేను. కని మీరు లోపట ఉన్నరు. షట్టర్ పూర్తిగ దిగి ఉన్నది. కొట్టింది పోలీసోళ్లే అని ఎట్ల చెప్తరు? రెండో గుంపోళ్లే తిరిగచ్చి కొట్టిన్రేమో. మీరు కండ్లతోని సూసిన్రా?”

రామస్వామి సారు ఆమె వైపు చూశాడు. చూసింది చెప్పాలి, విన్నది విన్నామని చెప్పాలి. నియమం పెట్టింది ఆయనే.

“చూడలే” అంది ఊర్మిళ. “విన్న.”

“బూట్లు పోలీసోళ్లే వేసుకుంటరా?”

ఎంత కష్టపడి నోట్లోంచి తీసిన మాట, ఎంత తేలికగా గాలిలో కలిసిపోతోందో ఊర్మిళ నిలబడి చూసింది. వెనక గోడ దగ్గర ఉన్న పొట్టి క్రాపుల్లో ఒకడు చిన్నగా నవ్వి ఫోన్‌లో ఏదో టైపు చేస్తున్నాడు. జలపతి రావు నుదురు తుడుచుకున్నాడు. ‘కోర్టుల నిలవదు’ అని ముందు వరుసలో ఎవరో అనడం ఆమెకు వినబడింది.

అప్పుడు కుడివైపు కుర్చీల్లో, కార్మికుల కుటుంబాల మధ్య నుంచి ఒక యువకుడు లేచాడు. ఎడమ కనుబొమ్మ మీద కుట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. అతన్ని చూసి వెనక గోడ దగ్గరి నవ్వు ఆగిపోయింది.

“నేను సూసిన” అన్నాడు అతను.

“నువ్వెవరు బాబూ? ముందుకొచ్చి చెప్పు” అన్నాడు రామస్వామి సారు.

“నా పేరు సాయికిరణ్. మాది గొల్లపల్లి దిక్కు. కానిస్టేబుల్‌ను సార్. నాకు గా రోజు రాయి తలిగింది. ఎనిమిది కుట్లు పడ్డయి. ఎవలేసిన్రో తెల్వది. రక్తం కంట్లకు కారుతుండె, పిచ్చి కోపం మీదున్న. ఆ దుకాణం కాడ షట్టర్‌ను పట్టుకొని ఒకడు నిలవడ్డడు. నేను దొంగను గాదు అన్నడు. ఈ అమ్మ చెప్పిన మాటలు అన్నీ అన్నడు. నేను ఇన్న. ఇని గూడ కొట్టిన.” అతను కళ్లు దించలేదు. “మేం ఐదుగురం. మొదటి దెబ్బ నాది.”

ఫోన్లన్నీ ఒక్కసారి అతని వైపు తిరిగాయి. కుడివైపు నుంచి ఒక చెప్పు ఎగిరి వచ్చి అతని భుజానికి తగిలింది. అతను కదల్లేదు. వెనక గోడ దగ్గరి మనుషులు ఇద్దరు మధ్య దారిలోకి దిగారు. ఆగయ్య చేతులు చాచి వాళ్లకు అడ్డం నిలబడ్డాడు.

“చెప్పనియ్యుండ్రి! చెప్పినంక ఏమన్న చేసుకోండ్రి!”

“సార్, ఒక్క మాట చెప్పి కూసుంట” అన్నాడు సాయికిరణ్. ఇప్పుడతను రామస్వామి సారును కాదు, ఊర్మిళను చూస్తున్నాడు. “చౌరస్తా కాడ మమ్ములను గంట సేపు ఆపిన్రు. కదలద్దని ఆర్డర్. తర్వాత మా ఆఫీసరుకు ఫోన్ అచ్చింది. బండిల స్పీకర్ మీద మాట్లాడిండు, నేను పక్కనే ఉన్న. మా చీరల దుకాణం ముంగట ఎవడు కనవడితే వాని చేతులు ఇరగ్గొట్టుండ్రి, తర్వాత సంగతి నేను చూసుకుంట అన్నడు ఆ ఫోన్ చేసిన సారు. లోపట మనుషులు ఉన్నరా అని మా ఆఫీసరు అడిగిండు మేడం. ఎవ్వరూ లేరు అన్నడు ఆ సారు.”

ఊర్మిళ చేతిలోంచి మైకు కడ్డీ జారి బల్లకు కొట్టుకుంది. ఆ చప్పుడు స్పీకర్లలో ఉరిమింది.

ఆ రోజు ఆమె ఫోన్ చేసింది ఒక్కరికే. లోపల ఉన్నానని చెప్పిందీ ఒక్కరికే.

ఆమె మొదటి వరుస చివరికి చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. హాలు పక్క తలుపు దగ్గర జలపతి రావు ఒక చేత్తో కారు తాళాలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. అతనికీ తలుపుకూ మధ్య, వీపు గడియకు ఆనించి, వందన నిలబడి ఉంది.